ఫ్లయర్ అట్ట వేసిన పుస్తకం

మా వంటింట్లో ఫ్రిజ్ మీద ఒక పుస్తకం ఉంది. దానికి కిరాణా దుకాణంవాళ్ళు ధరలు వేసి పంచే ఫ్లయరు కాగితంతో అట్ట వేసింది నేనే. ముందువైపు సగం ధరకి కోడి తొడలు, వెనకవైపు ద్రాక్షపళ్ళు. చూసినవాళ్ళు వంటల కాగితాలేవో అనుకుంటారు. నాకు కావలసిందీ అదే. ఫ్లయరు కింద ఉన్న అసలు అట్ట మీద ఒక బడి నడవా ఫొటో ఉంది. గోడ పొడుగునా కొక్కేలకి పిల్లల కోట్లు వేలాడుతుంటాయి. పిల్లలు ఉండరు.

ఒక బడిలోకి తుపాకి పట్టుకుని ఒకడు దూరి పిల్లల్ని చంపిన సంగతి మీద రాసిన పుస్తకం అది. కథ కాదు, జరిగింది. ఏ ఊరో, ఏ బడో నేను రాయను. ఆ తల్లులు ఇంకా బతికే ఉన్నారు. వాళ్ళ పేర్లు నా నోటి మీదుగా కూడా తిరగనక్కర్లేదు.

నేను నాలుగో తరగతి దాకా చదివాను. నా వెనక ఇద్దరు పుట్టేసరికి ఇంట్లో ఇంకో చెయ్యి కావలసివచ్చి మానిపించారు. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, నిదానంగా రాస్తాను. ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ గుర్తుపడతాను. కాల్గరీలో బస్సు మీద పేరు చూసి ఎక్కడానికి, డబ్బా మీద తేదీ చూసి ఇంకా తినొచ్చని చెప్పడానికి అది చాలు. అలాంటిదానివి ఇంత లావు ఇంగ్లీషు పుస్తకం ఎలా చదివావంటే, నేను చదవలేదు. నా మనవరాలు చదివింది, నేను విన్నాను.

దాన్ని పెంచడానికే నేను ఈ దేశం వచ్చాను. కూతురూ అల్లుడూ పొద్దున్నే డౌన్‌టౌన్ ఆఫీసులకి పోతే, పగలంతా ఆ పిల్లా నేనూ. అది పన్నెండో తరగతిలో ఉండగా ఇంగ్లీషు టీచరు, నిజంగా జరిగినదాని మీద రాసిన పుస్తకం ఒకటి ఎంచుకుని క్లాసులో దాని గురించి మాట్లాడాలని చెప్పింది. లైబ్రరీలో పాత పుస్తకాలు అమ్మేసే రోజు వెళ్ళి ఇది కొనుక్కొచ్చింది. కొత్తది కొననందుకు మెచ్చుకున్నాను. మా అమ్మాయి మాత్రం భోజనాల బల్ల మీద ఆ ఫొటో చూసి గరిటె కింద పెట్టేసింది.

"ఇంకేం పుస్తకం దొరకలేదా నీకు? రేపు పొద్దున లేచి బడికి పోయే పిల్లవి!"

"ఇట్స్ జస్ట్ ఎ బుక్, మామ్."

"బుక్కో గిక్కో. ఆ ఫొటో నా కళ్ళకి కనపడకూడదు."

అల్లుడు లేచి, ఎవరూ చెప్పకుండానే గిన్నెలు కడగడం మొదలుపెట్టాడు. మా ఇంట్లో మగవాడికి భయం వేస్తే అలా తెలుస్తుంది.

మర్నాడు పిల్ల బడి నుంచి వచ్చేసరికి పుస్తకానికి అట్ట వేసి బల్ల మీద పెట్టాను.

"చికెన్ థైస్! అమ్మమ్మా, ఇది నేను స్కూల్‌కి ఎలా తీసుకెళ్తా?"

"చేత్తో తీసుకెళ్తావు. మీ అమ్మ ఫొటో కనపడకూడదంది. పుస్తకం కనపడకూడదనలేదు."

అది పడీ పడీ నవ్వింది. నవ్వు ఆగాక అడిగాను, లోపల ఏముందో నాకు చదివి చెప్పమని.

"నీకెందుకు? భయమేస్తుంది."

"నాకు భయమేసే వయసు దాటింది. కూర్చుని చదువు."

అలా మొదలైంది. మధ్యాహ్నం స్కూలు బస్సు దిగి వచ్చాక, మా అమ్మాయీ అల్లుడూ ఇంటికి చేరేలోపు, వంటింటి బల్ల దగ్గర. నేను ఆకుకూర బాగుచేసుకుంటూనో బియ్యంలో చెయ్యి పెట్టుకునో వినేదాన్ని. అది ఒక వాక్యం లోపల చదువుకుని, పైకి తెలుగులో చెప్పేది. బయట మంచు గడ్డకట్టి ఉండేది. ఒక్కోరోజు కొండల వైపు నుంచి వెచ్చటి చినూక్ గాలి వచ్చి, మంచు కరిగి చూరు నుంచి నీళ్ళు కారుతుంటే, ఆ చప్పుడుకి దాని గొంతు వినపడక దగ్గరికి జరిగేదాన్ని.

దాని తెలుగు నేను నేర్పిన తెలుగు. అంటే వంటింటి తెలుగు. మూత, తాలింపు, చల్లారాక, నెమ్మదిగా, కింద పోయకు, చెయ్యి కాలుతుంది. తూటా అనే మాట మా ఇంట్లో ఎప్పుడూ అవసరం పడలేదు. అందుకని ఆ పుస్తకమంతా నేను ఈ మాటల్లోనే విన్నాను.

"ఒక టీచర్ డోర్ మూసి, ఒళ్ళంతా పెట్టి నొక్కింది అమ్మమ్మా. నువ్వు ఆవకాయ జాడీ నొక్కుతావే, అట్లా."

గాయపడ్డారని చెప్పడానికి దానికి ఉన్నది ఒకటే మాట, దెబ్బ తగిలింది. మోకాలు గీరుకుపోతే దానికి నేను చెప్పిన మాట.

"దెబ్బ తగిలితే మందు వేస్తారుగా?" అన్నాను మొదటిసారి.

"ఆ దెబ్బ కాదు అమ్మమ్మా."

నేను దాన్ని వేళాకోళం చేసేదాన్ని. "నీ తెలుగు మజ్జిగలో నీళ్ళు ఎక్కువైనట్టుందే."

"నీ ఇంగ్లీష్‌లో అసలు మజ్జిగే లేదు, ఓన్లీ నీళ్ళు."

ఒకరోజు అది చదువుతూ చదువుతూ ఆగిపోయింది. "వెయిట్. గ్రీఫ్‌ని తెలుగులో ఏమంటారు? ఏడుపు కాదు. కడుపునొప్పి లాగా, కానీ కడుపు కాదు."

"దుఃఖం."

దాన్ని రెండుసార్లు పలికి చూసుకుంది. "మనింట్లో ఎప్పుడూ వినలేదే ఈ మాట."

"అనే పని పడలేదు. పడకూడదు. చదువు."

ఆ పుస్తకం రాసినావిడ పత్రికల్లో పనిచేసే మనిషట. అందరిలాగా ఆ రోజు వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్ళిపోలేదు. ఏళ్ళ తరబడి ఆ ఊరికి వస్తూ, ఆ ఇళ్ళల్లో కూర్చుని, వాళ్ళు పెట్టిన కాఫీ తాగి, చెప్పింది విని రాసింది. ఒక తల్లి సంగతి నాకు బాగా గుర్తుంది. బిడ్డ బడి సంచీని పోలీసులు చాలా రోజుల తర్వాత తెచ్చి ఇచ్చారు. లోపల లంచ్ డబ్బా, అందులో సగం కొరికిన శాండ్‌విచ్. ఆవిడ డబ్బా కడగలేదు. అలాగే తీసుకెళ్ళి ఫ్రీజర్‌లో పెట్టింది. పత్రికలావిడ అడిగితే ఫ్రీజర్ తలుపు తీసి చూపించిందట. బఠాణీల ప్యాకెట్ల పక్కన ఉందట.

మనవరాలు నా మొహం చూసింది. సాస్ సీసాలో ఆఖరున నీళ్ళు పోసి గిలకరించి చారులో కలిపే మనిషిని నేను. డబ్బా కడగకుండా ఒక పూట ఉంచితే ఊరుకోను.

"నువ్వైతే ఏమంటావ్?" అంది.

"మంచి పని చేసింది. తర్వాత?"

ఆ తర్వాతి అధ్యాయం, పిల్లలకి బడుల్లో దాక్కోవడం నేర్పే సంగతి. అది రెండు ముక్కలు చెప్పి, "ఇది మేమూ చేస్తాం కదా" అంది, రేపు బడికి సెలవు అన్నంత మామూలుగా.

"ఏం చేస్తారు?"

"లాక్‌డౌన్ డ్రిల్. కిండర్‌గార్టెన్ నించీ. లైట్లు ఆపేస్తారు, టీచర్ డోర్ లాక్ చేస్తుంది. మనం గోడ పక్కన, విండోకి కనపడకుండా కూర్చోవాలి. మాట్లాడకూడదు. తుమ్మకూడదు. అందుకేగా నా షూస్‌లో లైట్లు తీసెయ్యమన్నా నిన్ను."

నా చేతిలో చిక్కుడుకాయ ఉంది. ఈనె సగం దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ బూట్ల సంగతి మా ఇంట్లో పెద్ద ముచ్చట. అది ఒకటో తరగతిలో ఉండగా వాళ్ళ నాన్న కొన్నాడు, అడుగేస్తే మడమ దగ్గర ఎర్రగా నీలంగా వెలిగే బూట్లు. కొన్న కొత్తలో ఇల్లంతా గెంతింది. తర్వాత ఒకరోజు బడి నుంచి వచ్చి, బూట్లు విప్పి నా ముందు పెట్టి, "అమ్మమ్మా, దీని లైటు ఆపెయ్" అంది. బాగానే వెలుగుతున్నాయి కదే అంటే, "అక్కర్లేదు, ఆపెయ్" అంది. కూరల కత్తితో అడుగు అంచు చీల్చి, లోపలి చిన్న బ్యాటరీలు పీకేసి, జిగురు పెట్టి అతికించాను. అది వేసుకుని గట్టిగా గెంతి, వెనక్కి తిరిగి మడమలు చూసుకుని, తృప్తిగా తలాడించింది.

ఊరికే బ్యాటరీ తగలేయడం ఇష్టంలేక తీయించుకుందని నేను అనుకున్నాను. నా పోలికే వచ్చిందని మురిసిపోయాను. గుడిలో భోజనాల దగ్గర కలిసిన ఆడవాళ్ళందరికీ చెప్పాను. ఇంటికి ఎవరొచ్చినా ఆ బూట్లు తెచ్చి చూపించాను. అప్పటి నుంచి మా అల్లుడు దాన్ని "చిన్న అమ్మమ్మ గారూ" అని పిలిచేవాడు. అది సబ్బుముక్క పారేసినా, గదిలో లైటు వదిలేసినా, "ఏం చిన్న అమ్మమ్మ గారూ, బూట్లలో లైటు ఒక్కటేనా పొదుపు?" అని ఏడిపించేవాడు.

"డ్రిల్‌లో నేను కాళ్ళు కదిపాను, లైట్ వచ్చింది" అంది మనవరాలు. "టీచర్ పాక్కుంటూ వచ్చి నా షూస్ మీద తన స్వెటర్ కప్పింది. తిట్టలేదు. చాలా నైస్‌గా కప్పింది. కానీ పక్కన కూర్చున్న పిల్ల అంది, నీ వల్ల మనందర్నీ కనిపెట్టేస్తాడు అని."

"మరి బ్యాటరీ దండగ అన్నావుగా?"

"నేనెప్పుడన్నా? నువ్వే అన్నావ్. అందరికీ చెప్పి హ్యాపీగా ఉన్నావ్ కదా అని నేనేం అన్లేదు."

అది అప్పటికి నా కంటే ఎత్తు పెరిగింది. ఆ పొడుగు కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకుని కూర్చుంది. ఆ కాళ్ళ మీద ఎవరో పరాయి ఆవిడ, పేరు కూడా తెలియని ఆవిడ, చీకట్లో తన స్వెటర్ కప్పింది. ఆవిడ ఎక్కడుందో తెలిస్తే ఒక జాడీ పచ్చడి పంపేదాన్ని.

"ఊరికే కూర్చుని చదవడం కాదు, ఈ చిక్కుడుకాయలు కూడా తియ్యి" అన్నాను. నాకు అదే వచ్చింది. అది కాయలు తన ముందుకి లాక్కుని, ఒక చేత్తో పుస్తకం నొక్కిపెట్టి, చదువుతూ ఈనెలు తీసింది. అప్పుడు కూడా ఈనెతో పాటు సగం కాయ పోగొట్టింది. ఆ ముక్కలు నేనే ఏరి గిన్నెలో వేసుకున్నాను.

వసంతం వచ్చేసరికి దాని క్లాసులో మాట్లాడడం అయిపోయింది. పరీక్షలు, అప్లికేషన్లు, స్నేహితురాళ్ళు. ఆఖరి అధ్యాయం మిగిలిపోయింది. "చదువుదాంలే అమ్మమ్మా" అంటూనే వేసవి గడిచింది. హాలిఫాక్స్‌లో యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఈ దేశం ఈ చివర కొండలు, ఆ చివర సముద్రం. మేం కొండల దగ్గర, అది సముద్రం దగ్గర. వెళ్ళే ముందు పుస్తకం నాకిచ్చి, "ఇది నీ దగ్గరే ఉంచు" అంది. టీ పొడి పెట్టె అట్ట కత్తిరించి, ఆగిన చోట గుర్తు పెట్టి, ఫ్రిజ్ మీద పెట్టాను.

ఆ తర్వాత మధ్యాహ్నాలు ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వీధి మొగలో స్కూలు బస్సు ఆగుతుంది. బ్రేకు చీత్కారం, తలుపు తెరుచుకునే చప్పుడు, పిల్లల అరుపులు. నేను సింకు దగ్గర ఉన్నా నా చెవి గుమ్మం దగ్గరికి పోతుంది. తాళం తిరిగే చప్పుడు కోసం ఆగుతుంది. బస్సు వెళ్ళిపోతుంది. అప్పటిదాకా కుళాయి ఊరికే కారుతోందని అప్పుడు చూసుకుంటాను. నేను, కుళాయి కారనిచ్చే మనిషినయ్యాను.

ఫోన్ చేసేది. మొదట్లో తెలుగు, మధ్యలో ఇంగ్లీషు. పోను పోను ఇంగ్లీషు, మధ్యలో "అమ్మమ్మా" ఒక్కటి తెలుగు. "తిన్నావా?" "యా." "ఏం తిన్నావు?" "స్టఫ్." అక్కడ దానితో మూత, తాలింపు, నెమ్మదిగా అనేవాళ్ళు ఎవరున్నారు? మాటలు కూడా వాడకపోతే పాడైపోతాయి, చింతపండులాగా ఏళ్ళ తరబడి నిలవ ఉండవు.

బెంగ పెట్టుకున్నప్పుడల్లా ఆ ఫ్రీజర్ తల్లి గుర్తొచ్చేది. వెంటనే నన్ను నేను తిట్టుకునేదాన్ని. మా పిల్ల బతికి ఉంది. హాలిఫాక్స్‌లో చలికి టోపీ పెట్టుకోకుండా తిరుగుతోంది. ఆవిడదీ నాదీ ఒకటి కాదు, పక్కపక్కన పెట్టి చూడడం కూడా తప్పు. అలా అనుకునేదాన్ని, మళ్ళీ మర్నాడు బస్సు చప్పుడుకి చెవి గుమ్మం దగ్గరికి పోయేది.

క్రిస్మస్‌కి అది రాలేదు. టికెట్ ఖరీదు, పార్ట్‌టైమ్ పని. నేనే వద్దన్నాను, అంత పోసి ఎందుకని. ఆ సెలవుల్లో ఒకరోజు మా అమ్మాయి ఫ్రిజ్ మీద దుమ్ము తుడుస్తూ పుస్తకం చేతిలోకి తీసుకుంది. అట్ట కింద ఏముందో దానికి ఎప్పుడో తెలుసు.

"ఆఖరి చాప్టర్ మిగిలిందటగా. నేను చదివి చెప్పనా అమ్మా?"

"ఫొటో కూడా చూడలేనన్నావు."

"నీ కోసం చదువుతాలే."

"అక్కర్లేదు. ఉన్నచోట ఉంచు."

"పోనీ వీడియో కాల్‌లో దాన్నే చదవమను."

"ఫోన్‌లో చదివితే చిక్కుడుకాయలు ఎవరు తీస్తారు?"

మా అమ్మాయి తుడిచే గుడ్డ పక్కన పెట్టింది. "అది వచ్చేదాకా దాచుకున్నావా అమ్మా?"

"నీకు వేరే పనేం లేదా" అన్నాను. అది పుస్తకాన్ని మెల్లగా, అంచు అంచుకి కలిసేలా, మళ్ళీ అక్కడే పెట్టింది.

మే నెలలో వచ్చింది మనవరాలు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. వచ్చిన దగ్గర్నుంచి స్నేహితురాళ్ళు, బాన్ఫ్ కొండలు, దంతాల డాక్టరు. నేను పుస్తకం మాట ఎత్తలేదు. మొదట అడిగాను సరే, మళ్ళీ అడిగి చదివించుకుంటే అది చదవడం కాదు. తిరిగి వెళ్ళిపోయే రోజు, భోజనమయ్యాక, దానంతట అదే చెయ్యి చాచి ఫ్రిజ్ మీద నుంచి తీసింది.

"చికెన్ థైస్ ఇంకా ఉన్నాయా!"

పాత కుర్చీలోనే కూర్చుంది. టీ పెట్టె అట్టముక్క తీసి పక్కన పెట్టింది. నేను చిక్కుడుకాయల గిన్నె తెచ్చుకున్నాను.

దాని తెలుగు తడబడింది. ఒక వాక్యం సగం ఇంగ్లీషులోకి జారిపోతే, "వెయిట్, నాకు తెలుసు, నాకు తెలుసు" అని కళ్ళు మూసుకుని వెతుక్కునేది. నేను అందించలేదు. దొరికేదాకా కాయలు తీస్తూ కూర్చున్నాను. దొరికినప్పుడు దాని మొహం చిన్నప్పటిలాగే అయ్యేది.

ఆఖరి అధ్యాయంలో, ఆ రోజు బీరువాలో దాక్కుని బతికిన ఒక పిల్ల పెద్దదై, దూరం కాలేజీకి వెళ్ళిపోతుంది. వాళ్ళమ్మ కారులో దింపి, గది తలుపు గడియ రెండుసార్లు వేసి తీసి చూస్తుంది. ఆ పిల్ల "ఇంక వెళ్ళమ్మా" అంటుంది. ఆవిడ వెళ్తుంది. అంతే. ఆ తల్లి దారిలో ఎక్కడైనా కారు ఆపి ఏడ్చిందో లేదో పుస్తకంలో రాయలేదు.

"అయిపోయింది" అంది మనవరాలు.

నేను చూశాను. దాని బొటనవేలి కింద ఇంకా బోలెడు కాగితాలున్నాయి.

"ఇంకా ఉందిగా?"

"అవి నోట్స్ అమ్మమ్మా. ఎవరు ఏం చెప్పారో, ఎక్కడ చెప్పారో. ఆ తర్వాత ఇండెక్స్. పేర్లు, ఏ పేజీలో ఉన్నాయో ఆ నంబర్లు. అదెవరూ చదవరు."

"డబ్బు పెట్టి అచ్చేసినవాళ్ళు ఊరికే వేస్తారా? పారేయడానికా కాగితం? చదువు."

"ఇండెక్స్ చదవనా? సీరియస్లీ?"

"మొదటి నుంచి."

అది నవ్వబోయి నా వంక చూసి ఆగిపోయింది. కుర్చీ నా పక్కకి లాక్కుంది. తర్వాత, తొందర లేనట్టు, ఒక్కొక్క పేరే చదవసాగింది. తలుపు నొక్కిపట్టిన టీచరు పేరు వచ్చింది, దాని పక్కన వరసగా అంకెలు. ఫ్రీజర్ తల్లి వచ్చింది. చంపినవాడి పేరు కూడా వచ్చింది. వాడి పక్కన అంకెలు మూడు వరసలకి పాకాయి. అవి చదవొద్దన్నాను. కిందికి వెళ్ళమన్నాను.

ఒక పేరు దగ్గర అది ఆగింది. "ఈ పాపకి ఒక్కటే పేజీ ఉంది."

"ఎవరా పిల్ల?"

"గుర్తు రావట్లేదు."

నాకూ రాలేదు. ఇద్దరం కూర్చుని విన్నాం కదా, ఒక పేజీలో వచ్చి వెళ్ళిపోయిన పిల్ల, ఇద్దరికీ గుర్తు లేదు.

"చూద్దామా?" అంటూ అది పేజీలు తిప్పబోయింది. గరాజ్ వైపు నుంచి మా అమ్మాయి కేక. "ఫ్లైట్ మిస్సవుతావే! బ్యాగ్ ఏది? అమ్మా, దాన్ని ఇంక వదులు!"

ఎవరు ఎవర్ని పట్టుకున్నారని. అది లేచింది. పెరుగు డబ్బాల్లో పోసిన కారప్పొడీ, కందిపొడీ దాని బ్యాగులో నేనే సర్దాను.

"డబ్బాలు తిరిగి తీసుకురా. పారేశావంటే ఊరుకోను."

"ప్లాస్టిక్ డబ్బాలే అమ్మమ్మా!"

"మూతలతో సహా."

గుమ్మంలో బూట్లు వేసుకుని, గట్టిగా ఒక గెంతు గెంతి, వెనక్కి తిరిగి మడమలు చూపించింది. "చూశావా, నో లైట్స్." నా బుగ్గ మీద ముద్దు పెట్టి వెళ్ళిపోయింది.

కారు మలుపు తిరిగాక వంటింట్లోకి వచ్చాను. పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. అక్షరాలూ అంకెలూ నాకు వచ్చునని చెప్పాను కదా. ఆ పేరు దగ్గర వేలు పెట్టి, దాని పక్కనున్న ఒక్క అంకె చూసుకుని, ఆ పేజీకి వెళ్ళాను. పై వరస నుంచి ఒక్కొక్క మాట మీదా వేలు జరుపుకుంటూ వచ్చాను. పేజీ మధ్యలో దొరికింది ఆ పిల్ల. అవే అక్షరాలు, అదే వరస.

దాని చుట్టూ ఉన్న మాటలేవీ నాకు రావు. ఒక్కటి మాత్రం వచ్చు. రెడ్. ఉల్లిపాయల సంచి మీద ఉండే మాట. ఏది ఎర్రగా ఉందో తెలియలేదు. కోటో, రిబ్బనో, మరొకటో.

టీ పెట్టె అట్టముక్క ఆ పేజీలో పెట్టి, పుస్తకం మూసి, ఫ్రిజ్ మీద పెట్టాను. డబ్బాలు తిరిగి తెచ్చినప్పుడు దాన్ని అడగాలి.